డెపెష్ మోడ్ లైవ్ షోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ బ్రిటిష్ బ్యాండ్ గురించి ఎప్పుడు నాలుగు మాటలు రాసినా అవే సందేహాలు తిరిగి వస్తుంటాయి. అడిగే తీరు వేరైనా చాలావాటి వెనక ఉన్నది ఒకటే: కీబోర్డులు, మెషీన్లతో మొదలైన బ్యాండ్‌ని చూడటానికి నలభై ఏళ్ల తర్వాత కూడా స్టేడియాలు ఎందుకు నిండుతున్నాయి? ప్రతిసారీ విడివిడిగా జవాబు రాసే బదులు అన్నీ ఇక్కడ పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఇప్పుడిప్పుడే వింటున్నవాళ్లకి

డెపెష్ మోడ్ అంటే ఎవరండీ? నేను పేరు కూడా వినలేదు.

లండన్‌కి తూర్పున ఎసెక్స్‌లో బాసిల్డన్ అనే ఊరుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వం ప్లాన్ గీసి కట్టిన కొత్త పట్టణం. 1980లో అక్కడి కుర్రాళ్లు నలుగురు, విన్స్ క్లార్క్, మార్టిన్ గోర్, ఆండీ ఫ్లెచర్, డేవ్ గాన్ కలిసి ఈ బ్యాండ్ పెట్టారు. డానియల్ మిల్లర్ నడిపే మ్యూట్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ వాళ్లని చేరదీసింది. మొదటి ఆల్బమ్ 1981లో వచ్చింది. ఇప్పుడు బ్యాండ్ అంటే ఇద్దరే: పాడే గాన్, పాటలు రాసే గోర్. 2020లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2023 మార్చిలో మొదలుపెట్టిన టూర్ 2024 ఏప్రిల్ దాకా నడిచింది, వందకు పైగా షోలతో.

సింథ్-పాప్ అంటే డిస్కో లాంటిదేనా?

చుట్టరికం ఉంది. మామూలు పాప్ పాటనే గిటార్, డ్రమ్స్ బదులు సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డు), డ్రమ్ మెషీన్‌తో కడితే సింథ్-పాప్. 1970ల్లో జర్మనీ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ దారి వేసింది. బ్రిటన్‌లో గ్యారీ న్యూమన్, హ్యూమన్ లీగ్, ఓఎండీ, సాఫ్ట్ సెల్, డెపెష్ మోడ్ ఆ దారి పట్టాయి.

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం ఉంది, నా దృష్టిలో మొత్తం కథకి అదే కీలకం. అప్పట్లో కుర్రాళ్లకి అందుబాటు ధరలో దొరికే సింథసైజర్లలో చాలావాటికి ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. నాలుగు మీటలు నొక్కినా మోగేది ఒకటే. అందుకని ఒంటి వేలితో వాయించే సన్నటి ట్యూన్లు పుట్టాయి. అలాంటి ట్యూన్ నోటితో పాడుకోవడం ఎవరికైనా తేలిక. 'జస్ట్ కాంట్ గెట్ ఇనఫ్' పాటలో జనం మాటలకంటే ముందు సింథ్ ముక్కని పాడతారు. 2011లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ అభిమానులు తమ ఆటగాడు సువారెజ్ మీద ఇదే ట్యూన్‌లో పాట కట్టుకుని స్టేడియం అంతా మోగించారు. వాయిద్యం పేదరికం జనం నోటికి పనికొచ్చింది.

పాటలు రాసేవాడు మొదట్లోనే వెళ్లిపోయాడట కదా. మరి ఎలా నిలబడ్డారు?

నిజమే. మొదటి ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు రాసిన విన్స్ క్లార్క్ 1981 చివర్లోనే తప్పుకున్నాడు. తర్వాత యాజూ, ఇరేజర్ బ్యాండ్లతో వేరే హిట్లు కొట్టాడు. ఇక్కడ రాసే పని మార్టిన్ గోర్ మీద పడింది. 1982లో పత్రికలో ప్రకటన చూసి అలన్ వైల్డర్ వచ్చాడు. పియానో పద్ధతిగా నేర్చుకున్నవాడు, 1995 దాకా ఉన్నాడు. గోర్ పాటలు పాపం, కోరిక, భక్తి, అపరాధభావం చుట్టూ తిరుగుతాయి. వాటిని వైల్డర్ పెద్ద పెద్ద శబ్దాలతో కట్టాడు. క్లార్క్ ఉండి ఉంటే మంచి డాన్స్ పాటలు ఇంకో పది వచ్చేవి. స్టేడియాలు నిండేవని మాత్రం నేననుకోను.

వీళ్లకి నంబర్ వన్ హిట్లు పెద్దగా లేవు. మరి అంత జనం ఎక్కడి నుంచి వస్తారు?

బ్రిటన్ సింగిల్స్ చార్టులో వీళ్లు ఎన్నడూ మొదటి స్థానానికి చేరలేదు. 'పీపుల్ ఆర్ పీపుల్' 1984లో నాలుగు దాకా వెళ్లింది, అంతకన్నా పైకి ఏదీ వెళ్లలేదు. అందరికీ తెలిసిన 'ఎంజాయ్ ద సైలెన్స్' కూడా ఆరు దగ్గరే ఆగింది. బ్రిటిష్ పత్రికలు చాలాకాలం వీళ్లని పిల్లల బ్యాండ్‌గానే చూశాయి. జనాన్ని సంపాదించింది టూర్లు. ఏడాదిలో నెలల తరబడి బస్సుల్లో తిరిగి జర్మనీ, ఫ్రాన్స్, అమెరికాల్లో ఒక్కో ఊరినీ సొంతం చేసుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో కె-రాక్ రేడియో తోడైంది. 1990 మార్చిలో అక్కడ ఒక రికార్డుల షాపులో సంతకాలు పెట్టడానికి కూర్చుంటే వేల మంది వీధుల్లో కమ్ముకున్నారు, పోలీసులు కార్యక్రమాన్ని మధ్యలో ఆపించారు. హిట్ కోసం వచ్చినవాళ్లు హిట్ పాతబడితే పోతారు, షో చూసి చేరినవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని మళ్లీ వస్తారు.

## స్టేజి మీద

మెషీన్లే వాయిస్తుంటే లైవ్‌లో చూడటానికి ఏముంటుంది?

మొదట్లో నిజంగానే ఏమీ ఉండేది కాదు. ముగ్గురు కీబోర్డుల వెనక కదలకుండా నిలబడేవారు, ఒకడు ముందు పాడేవాడు. డ్రమ్మర్ లేడు, గిటార్ పట్టుకుని గెంతేవాడు లేడు. ఆ ఖాళీని ఎలా నింపాలన్నదే వాళ్ల లైవ్ చరిత్ర.

మొదటి జవాబు డేవ్ గాన్ ఒళ్లు. మైక్ స్టాండ్ పట్టుకుని గిర్రున తిరగడం, చేతులు చాచి ర్యాంప్ చివరిదాకా నడవడం, నడుము ఊపడం. అరవై దాటినా మానలేదు. కాస్త అతి అనిపించే క్షణాలుంటాయి, ఆ అతి లేకపోతే షోనే లేదు.

నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది వేరే ఉంది. మామూలు రాక్ బ్యాండ్‌లో గాయకుడు వెనకున్నవాళ్లని చూసుకుంటూ పాడాలి, ఎవరైనా తాళం తప్పితే సర్దాలి. ఇక్కడ తాళం మెషీన్ చేతిలో ఉంది. అది చెదరదు, అలిసిపోదు. దాంతో గాయకుడికి వెనక్కి చూసే అవసరం తప్పి, మొత్తం దృష్టి జనం మీదే పెట్టగలిగాడు. మైకు జనంవైపు తిప్పి రెండు లైన్లు వదిలేసినా పాట నడుస్తూనే ఉంటుంది. లైవ్‌కి పనికిరాదన్న మెషీనే గాన్‌ని జనానికి అప్పగించింది.

నిజం చెప్పండి, టేపు వేసి పెదాలు కదుపుతారా?

గొంతు గొంతే. గాన్, గోర్ నిజంగా పాడతారు. బొంగురుపోయిన రోజు బొంగురుగానే వినిపిస్తుంది.

వాయిద్యాల సంగతి వేరు. 1980ల మొదట్లో డ్రమ్స్, బేస్ లాంటివి టేపు మీదే వచ్చేవి. ఆ టేప్ రికార్డర్‌ని దాచకుండా స్టేజి మీదే జనానికి కనిపించేట్టు పెట్టేవారు. అప్పట్లో దీనిమీద చాలామంది వెక్కిరించారు. తర్వాత శాంప్లర్లు వచ్చాయి: రికార్డింగ్‌లో ఇనుము, రాయి, బండల మీద కొట్టి పట్టుకున్న శబ్దాలని మీటలకి ఎక్కించి స్టేజి మీద చేత్తో వాయించేవారు. 1993 టూర్‌లో వైల్డర్ అసలు డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. 1990ల చివరి నుంచి ఆస్ట్రియా డ్రమ్మర్ క్రిస్టియన్ ఐగ్నర్, కీబోర్డులు, బేస్ మీద పీటర్ గోర్డెనో ఉన్నారు, గోర్ ఎక్కువసేపు గిటార్‌తో కనిపిస్తాడు. వెనక కంప్యూటర్ నుంచి వచ్చే భాగాలు ఇప్పటికీ ఉన్నాయి. సింథ్ సంగీతంలో అది లేకపోతేనే వింత.

ఐగ్నర్ డ్రమ్స్ ఎక్కువ మోగిస్తాడని కొందరు తిడతారెందుకు?

పాత అభిమానుల్లో ఇది ఎప్పటికీ తెగని గొడవ. మెషీన్ బీట్‌లో ఉండే చల్లదనం, ఖాళీ అసలు డ్రమ్స్ వల్ల పోతున్నాయని వాళ్ల బాధ. 'స్ట్రిప్డ్' లాంటి పాటల్లో వాళ్లతో నేను ఏకీభవిస్తాను. 'వాకింగ్ ఇన్ మై షూస్', 'ఐ ఫీల్ యూ' లాంటివాటికి మాత్రం ఆ బరువు కావాలి. పెద్ద స్టేడియంలో ఆఖరి వరుసలో ఉన్నవాడి గుండెకి తగలాలంటే ఒక మనిషి డ్రమ్ మీద కొట్టాల్సిందేనని వాళ్లు తేల్చుకున్నారు.

రికార్డులో ఉన్నట్టే వాయిస్తారా, మారుస్తారా?

బాగా మారుస్తారు, అభిమానులు మళ్లీ మళ్లీ వెళ్లడానికి అదొక కారణం. 2013 టూర్‌లో 'పర్సనల్ జీసస్' ని నింపాదిగా, బ్లూస్ పాటలా మొదలుపెట్టి తర్వాత అసలు వేగంలోకి దూకించారు. 'ఎ పెయిన్ దట్ ఐయామ్ యూజ్డ్ టు' ని ఆల్బమ్‌లో ఉన్నట్టు కాకుండా జాక్ లు కాంట్ చేసిన రీమిక్స్ పద్ధతిలో వాయించారు. అసలు 'ఎంజాయ్ ద సైలెన్స్' పుట్టుకే ఒక మార్పు: గోర్ దాన్ని నెమ్మదైన విషాద గీతంగా తెచ్చాడు, వేగం పెంచుదామన్నది వైల్డర్. గోర్‌కి మొదట నచ్చలేదట. లైవ్‌లో దాన్ని ఇంకా సాగదీస్తారు.

ఒకే టూర్‌లో ఊరు మారితే పాటల జాబితా మారుతుందా అంటే, పెద్దగా మారదు. మెషీన్లలో ముందే సిద్ధం చేసుకోవాలి కాబట్టి రెండు మూడు పాటలే అటూ ఇటూ అవుతాయి. ఈ విషయంలో నాకు అసంతృప్తి ఉంది. ఇంత పెద్ద పాటల మూట ఉన్నవాళ్లు ఇంకాస్త తెగించవచ్చు.

జనమంతా ఒక్కసారిగా చేతులూపే పాట ఏది?

'నెవర్ లెట్ మీ డౌన్ అగైన్'. 1987 ఆల్బమ్‌లోది. పాట చివర్లో గాన్ రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ ఊపుతాడు, స్టేడియం మొత్తం అదే లయలో ఊగుతుంది. 1988లో కాలిఫోర్నియా రోజ్ బౌల్ స్టేడియం షోలో తీసిన ఆ దృశ్యం '101' అనే డాక్యుమెంటరీ సినిమాలోకి ఎక్కడంతో ప్రతి ఊరి జనానికీ అలవాటైపోయింది. 2023 జనవరిలో 'ది లాస్ట్ ఆఫ్ అస్' సీరియల్ మొదటి ఎపిసోడ్ చివర ఈ పాట రావడంతో ఇరవై ఏళ్ల పిల్లలు కూడా కొత్తగా కనుక్కున్నారు. ఆ సీరియల్ చూసి ఆ ఏడాది షోకి వెళ్లినవాళ్లకి చేతులెప్పుడు ఎత్తాలో పక్కనున్న యాభై ఏళ్లవాళ్లు నేర్పారు.

పాట అయిపోయినా జనం పాడుతూనే ఉంటారట. నిజమేనా?

నిజమే. 1983 నాటి 'ఎవ్రిథింగ్ కౌంట్స్' పల్లవికి ఆ పేరుంది. వాయిద్యాలు ఆగిపోతాయి, జనం ఆపరు. భజనలో ముందు పాడేవాడు ఊపిరి తీసుకుంటే వెనకవాళ్లు అందుకున్నట్టుంటుంది. '101' లైవ్ ఆల్బమ్ చివర్లో వినండి. తమాషా ఏంటంటే ఆ పాట కంపెనీల డబ్బు యావ మీద ఎక్కుపెట్టిన వ్యంగ్యం.

మధ్యలో గాన్ మాయమై మార్టిన్ గోర్ పాడతాడెందుకు?

ఒక కారణం మామూలుది: ముందు నిలబడి అంతసేపు గెంతే మనిషికి విశ్రాంతి కావాలి. ఇంకొకటి, గోర్ గొంతు పూర్తిగా వేరు. గాన్‌ది లోతైన బరువైన గొంతు, గోర్‌ది పైస్థాయిలో సన్నగా వణికే గొంతు. 'సంబడీ', 'హోమ్', 'ఎ క్వశ్చన్ ఆఫ్ లస్ట్' లాంటివి పియానో ఒక్కటే తోడుగా పాడినప్పుడు అంత పెద్ద జనం ఒక్కసారిగా సద్దుమణుగుతారు. కొందరు బీరు తెచ్చుకోవడానికి లేచేది అప్పుడే. లేవకండి.

వెనక తెర మీద వచ్చే ఆ వింత దృశ్యాలు ఎవరు తీస్తారు?

డచ్ ఫొటోగ్రాఫర్ ఆంటన్ కోర్బైన్. 1986 నుంచి వీళ్ల వీడియోలు తీస్తున్నాడు. కిరీటం పెట్టుకున్న రాజు మడత కుర్చీ మోసుకుంటూ కొండల్లో ఒంటరిగా తిరిగే 'ఎంజాయ్ ద సైలెన్స్' వీడియో ఆయనదే. 1993 టూర్ నుంచి స్టేజి రూపం, తెర మీది సినిమాలు కూడా ఆయన చేతిలోకి వెళ్లాయి.

## పేరుపడ్డ షోలు, ఊళ్లు

రోజ్ బౌల్ షో గురించి అందరూ అంత గొప్పగా చెబుతారెందుకు?

1988 జూన్ 18. కాలిఫోర్నియాలో పాసడీనా ఊళ్లోని రోజ్ బౌల్ స్టేడియం. 'మ్యూజిక్ ఫర్ ద మాసెస్' టూర్‌లో అది 101వ షో, ఆఖరిది. జనసామాన్యం కోసం సంగీతమని ఆల్బమ్‌కి పేరు పెట్టుకున్నది వెటకారంగా, తమ పాటలు అందరికీ ఎక్కవని వాళ్లకి తెలుసు. తీరా చూస్తే అరవై వేల మందికి పైగా టికెట్లు కొని వచ్చారు. ముందు వాయించినవాళ్లలో ఓఎండీ కూడా ఉంది. అమెరికన్ పత్రికలు అప్పటిదాకా పెద్దగా పట్టించుకోని ఒక ఇంగ్లిష్ సింథ్ బ్యాండ్ అంత స్టేడియం నింపడం చాలామందికి మింగుడుపడలేదు.

డి.ఎ. పెన్నెబేకర్ దీన్ని డాక్యుమెంటరీగా తీశాడు, పేరు '101'. అందులో బ్యాండ్‌తో సమానంగా కనిపించేది న్యూయార్క్ నుంచి బస్సులో దేశం దాటి వచ్చే కుర్ర అభిమానులు. రియాలిటీ షోలు ఇంకా రాని రోజుల్లో అదొక కొత్త పద్ధతి. నాకు బాగా గుర్తుండేది టూర్ లెక్కలు చూసే జొనథన్ కెస్లర్ ఆ రాత్రి వసూళ్లు చెబుతూ పొంగిపోయే సీను. డబ్బు యావని వెక్కిరిస్తూ పాట పాడే బ్యాండ్, గదిలో నోట్ల కట్టలు. సినిమా దాన్ని దాచలేదు, బ్యాండ్ కూడా తీసేయమనలేదు. ఆ కెస్లరే తర్వాత వాళ్ల మేనేజర్ అయ్యాడు.

బెర్లిన్ గోడ కూలకముందే తూర్పు బెర్లిన్‌లో వాయించారా?

వాయించారు. 1988 మార్చి 7న, వెర్నర్ జేలెన్‌బిందర్ హాల్‌లో. ప్రభుత్వ పార్టీ యువజన సంఘం తన వార్షికోత్సవానికి ఏర్పాటు చేసిన కచేరీ అది. టికెట్లు సంఘం ద్వారానే పంచారు, దాంతో అసలైన అభిమానులు చేతికందిందల్లా ఇచ్చి బయట టికెట్లు సంపాదించుకోవాల్సి వచ్చింది. పశ్చిమ రేడియోలో దొంగచాటుగా విని టేపుల్లోకి ఎక్కించుకున్న గొంతు కళ్లముందు నిలబడటం వాళ్లకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. గోడ కూలింది మరుసటి ఏడాది నవంబరులో.

రష్యా, తూర్పు యూరప్‌లో వీళ్లంటే అంత పిచ్చి ఏంటి?

అక్కడ ఈ పాటలు షాపుల్లో సులభంగా దొరికేవి కావు. చేతులు మారిన క్యాసెట్లు, కాపీ మీద కాపీ. కష్టపడి సంపాదించుకున్నది కాబట్టి మమకారం ఎక్కువ. నల్లబట్టలు, గాన్ లాంటి క్రాపు అక్కడి కుర్రాళ్లకి గుంపులో గుర్తుగా మారాయి. గాన్ పుట్టినరోజు మే 9. రష్యాలో అది యుద్ధ విజయోత్సవం సెలవు రోజు. మాస్కోలో అభిమానులు అదే రోజు గుమిగూడి తమ పండుగ చేసుకునేవారు. జెరెమీ డెల్లర్, నిక్ అబ్రహామ్స్ తీసిన డాక్యుమెంటరీలో ఇది చూడొచ్చు. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఈ బ్యాండ్ పేరుతోనే ఒక బార్ ఉంది.

## మనుషులు

ఆండీ ఫ్లెచర్ స్టేజి మీద అసలేం చేసేవాడు?

ఈ ప్రశ్న వేయని అభిమాని లేడు, ఫ్లెచర్ కూడా దాన్ని జోక్‌గానే తీసుకున్నాడు. గోర్ రాస్తాడు, వైల్డర్ వాయిస్తాడు, గాన్ పాడతాడు, నేను ఊరికే తిరుగుతానని '101' లో తనే నవ్వుతూ చెబుతాడు. చిన్న చిన్న కీబోర్డ్ భాగాలు వాయించేవాడు, చప్పట్లు కొట్టేవాడు. అసలు పని తెర వెనక: లెక్కలు, వ్యాపారం, పత్రికలతో మాట్లాడటం, అన్నిటికన్నా ముఖ్యంగా గాన్, గోర్‌ల మధ్య మాట కలపడం. జనానికి అతను తమలో ఒకడిలా కనిపించేవాడు, పైన నిలబడి పాటని ఆస్వాదించే మనిషి.

ఫ్లెచర్ పోయాక కూడా షోలు చేయడం సబబేనా?

2022 మే 26న చనిపోయాడు, వయసు 60. తర్వాత రావాల్సిన 'మెమెంటో మోరి' ఆల్బమ్ పాటలు అప్పటికే చాలావరకు సిద్ధం, పేరు కూడా మరణాన్ని గుర్తు చేసేదే. మిగిలిన ఇద్దరూ ఆపకూడదనుకున్నారు. టూర్‌లో 'వరల్డ్ ఇన్ మై ఐస్' అతనికి అంకితం చేసి తెర నిండా అతని ముఖం చూపించారు. చివర్లో గాన్, గోర్ ఇద్దరే ర్యాంప్ మీదికి వచ్చి 'వెయిటింగ్ ఫర్ ద నైట్' కలిసి పాడేవారు. దశాబ్దాలపాటు ముభావంగా ఉన్న ఇద్దరు మధ్యవర్తి లేకుండా ఒకరి పక్కన ఒకరు నిలబడటం చూస్తే సబబా కాదా అన్న ప్రశ్న నాకు రాలేదు.

గాన్ చనిపోయి బతికాడంటారు, అదేంటి?

1996 మే నెలలో లాస్ ఏంజెలెస్ హోటల్లో డ్రగ్స్ మోతాదు మించి గుండె రెండు నిమిషాలు ఆగింది. ఆ తర్వాత మానేశాడు. 2009లో ఏథెన్స్‌లో షోకి ముందు అనారోగ్యం పాలయ్యాడు, పరీక్షల్లో మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ బయటపడితే తీయించుకుని నెల తిరక్కుండానే టూర్‌కి వచ్చాడు. జనం అతన్ని చూసే చూపులో ఇవన్నీ కలిసి ఉంటాయి.

## చూడాలనుకునేవాళ్లకి

హైదరాబాద్‌కో బెంగళూరుకో వస్తారా?

2023-24 టూర్ అమెరికా, కెనడా, మెక్సికో, యూరప్‌లతోనే సరిపెట్టారు. శాన్ హోసే, న్యూయార్క్, షికాగో, లండన్, బెర్లిన్ లాంటి చోట్ల మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి అక్కడున్న బంధువుల ఇంటికి వెళ్లే తేదీలు సరిచూసుకోవడమే దగ్గరి దారి.

నిలబడే టికెట్ మంచిదా, సీటా?

మోకాళ్లు సహకరిస్తే నిలబడేదే, ర్యాంప్‌కి దగ్గరగా. షో రెండు గంటలు దాటుతుంది, ముందు వాయించే బ్యాండ్, ఎదురుచూపు కలుపుకుంటే నాలుగైదు గంటలు. చెవిలో పెట్టుకునే ప్లగ్స్ తీసుకెళ్లండి. ఇంకో మాట: యూరప్‌లో జూన్, జూలై నెలల్లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. బయటి స్టేడియంలో సగం షో అయ్యేదాకా తెర మీది దృశ్యాలు వెలవెలబోతాయి. ఎంచుకునే వీలుంటే శీతాకాలంలో ఇండోర్ హాల్ షోకి వెళ్లండి. ఈ బ్యాండ్‌కి చీకటి కావాలి.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

హాల్ నియమాలు ముందే చూసుకోండి. కొన్ని పాటల మాటలకి మీ అమ్మాయి అర్థం అడిగితే ఏం చెప్పాలో కూడా ముందే అనుకోండి.

ఇంట్లో కూర్చుని చూడాలంటే ఏ ఫిల్ముతో మొదలుపెట్టాలి?

ఓపిక ఉంటే '101', చరిత్ర మొత్తం అందులోనే మొదలవుతుంది. సంగీతం గట్టిగా, రూపం అందంగా కావాలంటే 1993 టూర్ మీద కోర్బైన్ తీసిన 'డివోషనల్'. అభిమానుల జీవితాలు ఇష్టమైతే 2019 నాటి 'స్పిరిట్స్ ఇన్ ద ఫారెస్ట్': బెర్లిన్ వాల్డ్‌బ్యూనె కచేరీతో పాటు వేర్వేరు దేశాల అభిమానులు ఆరుగురి కథలుంటాయి. 2025లో వచ్చిన 'ఎం' మెక్సికో సిటీలో జరిగిన మూడు రాత్రుల షోలది, దర్శకుడు ఫెర్నాండో ఫ్రియాస్. మరణాన్ని పండుగ చేసుకునే ఊళ్లో మరణం పేరున్న ఆల్బమ్ పాడటం మీద నడుస్తుంది. కొత్తవాళ్లకి నేనిచ్చేది '101' నే.

ఇంగ్లిష్ మాటలు నోరు తిరగవు. వెళ్లే ముందు ఏం నేర్చుకోవాలి?

మాటలు అక్కర్లేదు. 'జస్ట్ కాంట్ గెట్ ఇనఫ్' సింథ్ ముక్క, 'ఎంజాయ్ ద సైలెన్స్' గిటార్ ముక్క నోటికి వస్తే సగం పని అయినట్టే. 'ఎవ్రిథింగ్ కౌంట్స్' పల్లవి రెండుసార్లు వినండి, మూడోసారికి వచ్చేస్తుంది. 'పర్సనల్ జీసస్' లో పదే పదే వచ్చే ఆ చిన్న కేక మాత్రం తప్పకుండా పట్టుకోండి, గాన్ మైకు మీవైపు తిప్పేది అక్కడే.